నవ్వుముఖమునకు కోపపు కనుబొమలు

జపాను దేశపు నింటెండో సంస్థవారి వీడియో ఆటలలో కర్బీ యను పాత్ర యొకటి కలదు. గులాబిరంగు బంతివంటి శరీరము, పొట్టికాళ్లు, పసిబిడ్డ నవ్వు, ఇంతే దాని స్వరూపము. 1992లో తొలి కర్బీ ఆట అమెరికా చేరినప్పుడు పెట్టెమీది బొమ్మలో ఆ గులాబిరంగు పోయి తెలుపు వచ్చెను. తరువాతి కాలమున వెలువడిన కర్బీ ఆటలు పెక్కింటికి జపానులో అమ్మిన పెట్టెమీద పాత్ర నవ్వుచుండగా, అమెరికాలో అమ్మిన పెట్టెమీద అదే పాత్ర కనుబొమలు ముడిచి కోపముగా చూచుచుండెను. లోపలి ఆట మాత్ర మొక్కటే. అమెరికా బాలుడు ముద్దైన దానిని మెచ్చడు, వానికి వీరము కావలెనని అమ్మకందారుల యంచనా. నవ్వుముఖమునకు రెండు గీతలు చేర్చుట చిన్నపనియే. కాని పరదేశపు కల్పనను ఇంటిలోనికి రానిచ్చునప్పుడు మనుష్యుడు పెట్టు షరతు ఎట్టిదో ఆ రెండు గీతలలో కానవచ్చును.

ఆ షరతు పెట్టిన దేశము జపాను ఆటలకు ఋణపడిన దేశము. 1983లో అమెరికాలో వీడియో ఆటల వ్యాపారము కుప్పకూలెను. నాసిరకపు సరకు అంగళ్లలో పేరుకొనిపోయి, టెలివిజనునకు తగిలించి ఆడుకొను కన్సోల్ అనెడి పెట్టెపై వర్తకులకు నమ్మకము నశించెను. ఆ పాడుపడిన సంతలో, 1985లో న్యూయార్కు నగరమున, నింటెండో తన యంత్రమును అమ్మకమునకు పెట్టెను. అటుపిమ్మట సుమారు పదునైదేండ్లపాటు కన్సోల్ ఆట యనగానే జపాను ఆటయే తలపునకు వచ్చెడిది. ఒక తరము అమెరికా బాలలు వాటితోనే పెరిగిరి. వారికి దక్కినవి మాత్రము తరచుగా కత్తిరించి కుట్టిన ప్రతులే. ‘ఫైనల్ ఫాంటసీ’ యను ప్రసిద్ధ కథాక్రీడలో నాలుగవ భాగము 1991లో అమెరికాకు రెండవ భాగ మను పేరుతో చేరెను. నడిమి రెండును రానేలేదు. సభాపర్వమును, అరణ్యపర్వమును ఎత్తివేసి విరాటపర్వమునే రెండవ పర్వమని చదివించినట్లున్నది! ఏ భాగపు కథ ఆ భాగమునకే వేరగుటచేత పెద్ద చిక్కు రాలేదు గాని, తమకు ఏమి అందలేదో యన్న సంగతియే ఆ బాలలకు చిరకాలము తెలియలేదు.

2001లో మైక్రోసాఫ్ట్ సంస్థ ఎక్స్‌బాక్స్ అను కన్సోల్‌ను విపణిలో పెట్టినది మొదలు గాలి మారెను. తుపాకి చేతబట్టి కాల్చుచు పోవు ఆటలు పాశ్చాత్య అభిరుచికి కొలబద్ద లయ్యెను. నిన్నటి ఆరాధకులే జపాను ఆటలను వెక్కిరింప మొదలిడిరి. నాయకులందరును చింపిరిజుట్టు కుఱ్ఱవాండ్రే యనిరి. మాటలు ఎక్కువ, పని తక్కువ యనిరి. శత్రువును నాయకుడును వంతులు వేసికొని కొట్టుకొనుట హాస్యాస్పద మనిరి. (చదరంగమును వంతులవారీ ఆటయే యన్న సంగతి వారికి స్ఫురింపకపోవుట చిత్రము.) ఈ నిందలలో నిజము లేకపోలేదు. 2009లో వెలువడిన ‘ఫైనల్ ఫాంటసీ’ పదుమూడవ భాగము ఆటగానిని చాలదూరము ఒకే ఇరుకుసందులో నడిపించెను. ఆ మాట జపాను ఆటగాండ్రును అనిరి. చిక్కంతయు దాని తరువాతి మెట్టులో నున్నది. అమెరికా ఆటలలో దుమ్మురంగు శిథిలముల నడుమ తిరుగు బోడితల సైనికులు ఎందరు కనబడినను దానిని ఆయా నిర్మాతల బడుగుతనముగనే యెంచిరి. జపాను ఆట చప్పగా నుండినచో ఆ చప్పదనము జపాను జాతికే చుట్టుకొనెను.

పదిమంది పదేపదే యన్న మాట విన్నవాని మనస్సునకు ఎక్కును. 2009లో టోక్యో ఆటల ప్రదర్శనమున, కాప్‌కామ్ సంస్థలో ప్రముఖ నిర్మాతయైన కేజి ఇనాఫునే, తమ దేశపు ఆటల పని ముగిసినదని బాహాటముగా పలికెను. ఆ సంస్థయే తన పేరుపొందిన ఆటలను పాశ్చాత్య శిల్పుల చేతికి అప్పగించెను. ‘బయోనిక్ కమాండో’ స్వీడనువారికిని, ‘డెవిల్ మే క్రై’ ఆంగ్లేయులకును చేరెను. 2013లో వచ్చిన ఆంగ్లేయుల ఆటలో డాంటే యను నాయకుని తెల్లజుట్టు నల్లబడెను. లోకములో జుట్టు నలుపునుండి తెలుపునకు పోవును గదా, ఇచ్చట త్రోవ తలక్రిందైనది! ఆ ఆట చెడ్డదనుట న్యాయము కాదు, విమర్శకులు పలువురు మెచ్చిరి. ఐనను పాతదనము పోయినదని గట్టిగా మొరపెట్టినవారిలో పాశ్చాత్యులే అనేకులు. తమకు వద్దని తాము చెప్పినదే తమకు కావలసినదని వారికి అప్పుడు తెలిసెను. 2019లో ఐదవ భాగము మరల జపానులోనే తయారయ్యెను. నాయకునికి తెల్లజుట్టు తిరిగివచ్చెను.

ఇదే కాలమున ఎవరును తలపెట్టని తావునుండి మరియొక ఆట బయలుదేరెను. 2009లో హిదెతాకా మియజాకి నిర్దేశించిన ‘డీమన్స్ సోల్స్’ కఠినమైనది, బెదరగొట్టునది, తన కథను తానే విప్పి చెప్పనిది. సొమ్ము పెట్టిన సోనీ సంస్థయే దానిని విదేశములలో ప్రకటింప నొల్లక విడిచెను. అమెరికాలో దానిని వేరొక సంస్థ వెలువరించెను. కనుబొమలు దిద్ది పంపని ఆ ఆటను అచ్చటివారు ఓపికతో నేర్చుకొనిరి. ఓడిరి, మరల ఆడిరి. ఆ త్రోవలోనే వచ్చిన ‘ఎల్డెన్ రింగ్’ 2022లో లోకమంతట కోట్ల ప్రతులు అమ్ముడుపోయెను. మియజాకి చిన్ననాట ఆంగ్లములోని అద్భుతకథలు చదువుచు, అర్థముకాని చోట్లను తన ఊహతో పూరించుకొనెడివాడట. ఆ సంగతి ఆయనయే చెప్పెను. ఆయన ఆటలలోని కోటలు, కవచధారులు, భగ్నదేవాలయములు ఐరోపావి. వాటి నడుమనున్న మౌనము మాత్రము ఆ సగము తెలిసిన బాలపాఠకునిది. దీనిని జపాను ఆట యందుమా, పాశ్చాత్య మందుమా?

ఇట్టి కొడుకొల్లలు ముందును కలవు. 1986లో జపానును ఉఱ్ఱూతలూగించిన ‘డ్రాగన్ క్వెస్ట్’ అమెరికావారి ‘అల్టిమా’, ‘విజార్డ్రీ’ ఆటలు చదివిన శిష్యుడే. ఆ జపాను సంప్రదాయమునకు తాము శిష్యులమని ఒప్పుకొనుచు ఫ్రాన్సువారు 2025లో ‘క్లెయిర్ ఓబ్‌స్క్యూర్: ఎక్స్‌పెడిషన్ 33’ను వెలువరించిరి. అందులో వీరులు వంతులు వేసికొనియే పోరుదురు. దానిని ఆడినవారు ఈమారు నవ్వలేదు.

ఇన్ని రాకపోకలున్న కళకు పాశ్చాత్యులు ‘జె ఆర్పీజీ’ యని, అనగా జపాను పాత్రక్రీడ యని, వేరు గాటిపాక కట్టిరి. 2023లో ‘ఫైనల్ ఫాంటసీ’ పదునారవ భాగపు నిర్మాత నావోకి యోషిదా, ఆ పేరు తొలిసారి విన్ననాడు తమను వేరుచేసి తక్కువపరచినట్లు తోచెనని చెప్పగా పాశ్చాత్యులు పలువురు తెల్లబోయిరి. వారిలో కొందరు ఆ పేరును ప్రేమతోనే వాడువారు. ప్రేమలోను పొరపాటుండును. జపానునుండి వచ్చిన ప్రతిదానిలో ఏదో తూర్పుదేశపు గూఢత్వమును చూచి మురియువాడును, నవ్వి త్రోసివేయువాడును పెట్టెమీది పేరునే చదువుచున్నారు. ఈ జాడ్యము ఒక దిక్కుననే లేదు. పాశ్చాత్య ఆటలకు జపానువారును ‘యోగే’ యను చులకన పేరు పెట్టిరి. కావ్యాభ్యాసముచేత అద్దమువలె నిర్మలమైన మనస్సు గలవానిని అభినవగుప్తుడు సహృదయు డనెను. ఆట నాడువానికి అభ్యాసమునకు కొరతలేదు, ఒక్కొక్క కథాక్రీడకు నలుబది ఏబది గంటలు పట్టును. అద్దము తుడుచుకొనుటయే మిగిలినది.

తుడుచుకొన్నవారు లేకపోలేదు. 2006లో జపానులో ‘మదర్ 3’ అను ఆట వచ్చెను. రచయిత షిగెసాతో ఇతోయి. తల్లిని పోగొట్టుకొన్న యొక కుటుంబపు దుఃఖ మందలి కథ. సంస్థవారు దానిని ఆంగ్లములోనికి తేలేదు. ఎదురుచూచి విసిగిన అమెరికా ఆటగాండ్రు కొందరు తామే పూనుకొని, కూలి లేకయే, ఆ కథయంతయు అనువదించి 2008లో అందరికిని పంచిరి. ఆ యనువాదమును కావలసినచో ఉచితముగా వాడుకొనవచ్చునని సంస్థకును తెలియజేసిరి.