జీఎస్టీ తగ్గిందని పెద్ద ట్రాక్టర్ కొంటున్నారా? ముందు డీజిల్ లెక్క చూడండి

2025 సెప్టెంబరు 22 నుంచి ట్రాక్టర్లపై జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. పన్ను లేని ధర 7 లక్షలు ఉన్న బండికి ఇంతకుముందు 84 వేలు పన్ను పడేది, ఇప్పుడు 35 వేలు. అంటే 49 వేలు మిగులుతుంది. ఇది చిన్న మొత్తం కాదు. అయితే ఆ మిగిలిన డబ్బుతో రైతు చేస్తున్న పనే నన్ను ఆలోచనలో పడేస్తోంది. 35 హెచ్‌పీ బండి కోసం షోరూముకు వెళ్లినవారు, "ఎలాగూ పన్ను తగ్గింది కదా, ఇంకొంచెం వేసుకుంటే 50 హెచ్‌పీ వస్తుంది" అన్న మాట విని పెద్ద బండితో తిరిగి వస్తున్నారు.

తగ్గింది కొనే ధర మాత్రమే. డీజిల్ జీఎస్టీలోకి రాదు. దాని మీద కేంద్రం ఎక్సైజు సుంకం, రాష్ట్రం వ్యాట్ యథాతథంగా ఉన్నాయి. బండి ఇంట్లో ఉన్నన్నాళ్లూ మీరు కట్టేది ఆ ఖర్చే.

ఇంకో సందేహం కూడా చాలామంది అడుగుతున్నారు. 1800 సీసీ దాటితే పన్ను ఎక్కువట కదా అని. ఆ షరతు రోడ్డు మీద సెమీ ట్రైలర్లు లాగే పెద్ద బండ్లకే. పొలం దున్నే ట్రాక్టర్ ఇంజిను 2500 సీసీ ఉన్నా పన్ను 5 శాతమే. ఎవరైనా వేరే చెబితే బిల్లు మీద పన్ను శాతం చూపించమనండి.

ట్రాలీ లాగడానికి నిజంగా ఎంత బలం కావాలి?

మన ట్రాక్టర్లు పొలంలో పనికి ఎంత తిరుగుతాయో, ట్రాలీ కట్టుకుని రోడ్డు మీద కూడా చాలాచోట్ల దాదాపు అంతే తిరుగుతాయి. ధాన్యం, ఎరువు, ఇసుక, ఇటుక, పశుగ్రాసం ఏదైనా దాని మీదే. అందుకే ముందు ట్రాలీ లెక్క చూద్దాం.

75 కిలోల బస్తాలు 66 వేశారనుకోండి, దాదాపు 5 టన్నులు. ఖాళీ ట్రాలీ టన్నున్నర, ట్రాక్టర్ 2 టన్నులు. మొత్తం ఎనిమిదిన్నర టన్నులు. చదునైన తారు రోడ్డు మీద చక్రాలు దొర్లడానికి పట్టే లాగుడు మొత్తం బరువులో సుమారు 2 శాతం, అంటే 170 కిలోలు. గంటకు 15 కిలోమీటర్ల వేగంతో వెళితే దానికి 9 నుంచి 10 హెచ్‌పీ చాలు. గేర్లలో, ఇరుసులో పోయేది కలుపుకున్నా ఇంజిను ఇవ్వాల్సింది 12 హెచ్‌పీ లోపే.

మట్టి డొంకలో లాగుడు మూడింతలు పెరుగుతుంది. కానీ అక్కడ వేగం కూడా 8 కిలోమీటర్లకు పడిపోతుంది కాబట్టి 17, 18 హెచ్‌పీతో బయటపడతాం. తారు రోడ్డు మీద వంద అడుగులకు ఐదడుగులు లేచే ఎత్తు, అంటే చెరువు కట్ట లాంటిది ఎక్కాలంటే, గంటకు 10 కిలోమీటర్ల వేగంలో 25 హెచ్‌పీ దాకా కావాలి. అది కూడా కొద్ది నిమిషాలే.

అంటే 35 హెచ్‌పీ బండి నిండు ట్రాలీతో తారు రోడ్డు మీద వెళ్తున్నప్పుడు తన బలంలో మూడో వంతే వాడుతోంది. 50 హెచ్‌పీ బండి అయితే పావు వంతు. మిగతా బలం ఊరికే ఉంటుందా అంటే, ఉండదు. పెద్ద ఇంజిను తన పిస్టన్లను, పంపులను, ఫ్యానును తిప్పుకోవడానికే కొంత డీజిల్ తాగుతుంది. బండి బరువు కూడా ఎక్కువ.

డీజిల్ ఇంజిను తన బలంలో ముప్పావు వంతు దాకా పని చేస్తున్నప్పుడు లీటరుకు ఎక్కువ పని ఇస్తుంది. ఆ స్థితిలో మంచి కండిషన్లో ఉన్న ట్రాక్టర్ లీటరు డీజిల్‌తో 4 హెచ్‌పీ గంటలకు కొంచెం పైగా పని చేస్తుంది. పావు వంతు బలంతో నడిపితే అదే లీటరుకు 3 హెచ్‌పీ గంటలు కూడా రావడం కష్టం. ఈ లెక్కన ఒకే ట్రాలీని, ఒకే రోడ్డు మీద, ఒకే వేగంతో లాగడానికి 35 బండికీ 50 బండికీ మధ్య గంటకు అర లీటరు అటూ ఇటూ తేడా వస్తుంది. ఏడాదికి 400 గంటలు రోడ్డు పని ఉంటే 200 లీటర్లు. లీటరు 95 రూపాయలు వేసుకున్నా 19 వేలు. జీఎస్టీలో మిగిలిన 49 వేలు రెండున్నరేళ్లలో అయిపోతాయి. రెండు బండ్ల ధరలో ఉండే లక్షకు పైగా తేడాను, దాని వడ్డీని నేనిక్కడ కలపనే లేదు.

పెద్ద బండే నయమయ్యే చోటు

ఇంత చెప్పాక చిన్న ఇంజినే ఎప్పుడూ మంచిదని అనుకోవద్దు. నల్లరేగడిలో లోతు దుక్కి, ఆరడుగుల రోటవేటర్, కేజ్ వీల్స్‌తో దమ్ము పనుల్లో లెక్క తిరగబడుతుంది. 35 హెచ్‌పీ బండికి ఆరడుగుల రోటవేటర్ కడితే ఇంజిను ఊపిరాడక నల్లపొగ వదులుతుంది. ఆ నల్లపొగ కాలకుండా పోతున్న మీ డీజిలే. చక్రాలు జారి ఉన్నచోటే తిరుగుతాయి, క్లచ్ అరుగుతుంది, ఎకరానికి పట్టే గంటలు పెరుగుతాయి. అదే పని 50 హెచ్‌పీ బండి తన బలంలో ముప్పావు వంతుతో తొందరగా ముగిస్తుంది, ఎకరానికి డీజిల్ కూడా తక్కువే పట్టవచ్చు. ఐదడుగుల రోటవేటర్ అయితే 35, 40 బండికి సరిగ్గా సరిపోతుంది.

కాబట్టి ఊరంతా కిరాయికి తిప్పేవారికి, ఏడాదికి 800 నుంచి 1000 గంటలు బరువైన పని దొరికేవారికి పెద్ద బండి గిట్టుబాటు అవుతుంది. ఐదారెకరాల సొంత పొలం, మిగతా రోజుల్లో ట్రాలీ పని ఉన్న రైతుకు గిట్టదు. రెండెకరాల రైతుకైతే, నన్నడిగితే, బండి కొనడం కన్నా కిరాయే మేలు. గంట లెక్కన కిరాయి ఇచ్చేవారు మాత్రం ఒకటి గుర్తుంచుకోండి. బలం చాలని బండి వస్తే అది నెమ్మదిగా దున్నిన ప్రతి గంటకూ డబ్బు మీదే. ఎకరం లెక్కన మాట్లాడుకుంటే ఆ నష్టం బండి యజమానిది అవుతుంది.

50 హెచ్‌పీ దగ్గర ఇంకో గీత ఉంది. ఆ బలం దాటిన ట్రాక్టర్లకు 2023 జనవరి 1 నుంచి కొత్త పొగ నిబంధనలు వచ్చాయి. వాటి ఇంజిన్లలో డీజిల్‌ను కంప్యూటర్ కొలిచి వదులుతుంది. డీజిల్ వాడకంలో అది మంచిదే. ధర ఎక్కువ, పైగా పాడైతే ఊళ్లో మెకానిక్ చేతికి అందదు. చాలా మోడళ్లు 47, 49 హెచ్‌పీ దగ్గర ఆగడానికి ఇదొక కారణం.

సీసీ గురించి ఒక్క మాట. రెండు బండ్లూ 40 హెచ్‌పీ అయినా ఒకదాని ఇంజిను పెద్దదిగా ఉండవచ్చు. పెద్ద సీసీ ఇంజిను సాధారణంగా తక్కువ చక్కర్లు తిరిగి అంతే బలం ఇస్తుంది, లాగుడుకు నిలబడుతుంది. సీసీ ఎక్కువ కాబట్టి డీజిల్ ఎక్కువ తాగుతుందని ఒక్క మాటలో తేల్చలేం.

కూరగాయలకు ట్రాక్టర్ వద్దు

2005లో టాటా ఏస్ వచ్చినప్పుడు దానిలో ఉన్నది 702 సీసీ, రెండు సిలిండర్ల, 16 హెచ్‌పీ ఇంజిను. మోసేది 750 కిలోలు. ఆ ఇంజినుతోనే మన ఊళ్ల కూరగాయలు పట్నం చేరాయి. 7 క్వింటాళ్ల టమాటా 25 కిలోమీటర్ల దూరంలోని మార్కెట్‌కు వేయాలంటే, లీటరుకు 18 కిలోమీటర్లు ఇచ్చే చిన్న బండి పోయి రావడానికి 3 లీటర్లు చాలు. ట్రాక్టర్ లీటరుకు 5 కిలోమీటర్లు ఇచ్చినా 10 లీటర్లు తాగుతుంది. అదే 50 క్వింటాళ్ల ధాన్యం అయితే చిన్న బండి ఏడు సార్లు తిరగాలి, 20 లీటర్ల దాకా పోతుంది. అప్పుడు ట్రాక్టరే చవక. లీటరుకు ఎన్ని కిలోమీటర్లు అని కాకుండా క్వింటాలుకు ఎన్ని లీటర్లు అని అడగండి.

ఉన్న బండితోనే తగ్గించుకోవచ్చు

ఇప్పటికే పెద్ద బండి ఇంట్లో ఉంటే దిగులు వద్దు. ట్రాలీ, గొర్రు లాంటి తేలిక పనికి ఒక గేరు పైకి వేసి, రేజ్ తగ్గించండి. అదే వేగం వస్తుంది, ఇంజిను మాత్రం తక్కువ చక్కర్లు తిరుగుతుంది. రేజ్ ఇస్తే ఇంజిను వెంటనే పుంజుకోవాలి. పుంజుకోకుండా ముక్కుతూ నల్లపొగ వదిలితే గేరు తగ్గించండి. స్ప్రేయరు, నీటి పంపు వంటి వాటికి ఎకానమీ పీటీవో ఉంటే అదే వాడండి. రోటవేటర్‌కు మాత్రం ఈ కిటుకు పనికిరాదు, పీటీవో 540 చక్కర్లు తిరగాలి. పల్లంలో న్యూట్రల్ వేసి డీజిల్ మిగిల్చే అలవాటు కొందరు డ్రైవర్లకు ఉంది. బ్రేకుల్లేని ట్రాలీ వెనక నుంచి నెడుతుంటే అది ప్రాణాల మీదికి తెస్తుంది. బరువు ట్రాలీలకు చిన్న బండి కట్టేవారు కూడా బ్రేకుల సంగతి ముందు చూసుకోవాలి. లాగగలిగిన ప్రతి బరువునూ ఆపలేరు.

ట్రాక్టర్ వెనక టైర్లు, ట్యూబులు, విడిభాగాల మీద కూడా జీఎస్టీ 18 నుంచి 5 శాతానికి వచ్చింది. అరిగిన టైర్లు పొలంలో జారి డీజిల్ తాగించేస్తున్న పాత బండి ఉంటే, కొత్త బండి కన్నా ముందు టైర్లు మార్చి చూడండి.

కొత్తది కొనాలని నిశ్చయించుకుంటే డీలరును ఆ మోడల్ పరీక్ష నివేదిక అడగండి. మన అనంతపురం జిల్లా గార్లదిన్నెలో, మధ్యప్రదేశ్‌లోని బుధ్నీలో వ్యవసాయ యంత్రాలను పరీక్షించే కేంద్ర ప్రభుత్వ సంస్థలు ఉన్నాయి. నివేదికలో పీటీవో దగ్గర వచ్చిన బలం, ఒక కిలోవాట్ గంట పనికి ఎన్ని గ్రాముల డీజిల్ పట్టిందో ఉంటుంది. ఆ గ్రాములు తక్కువ ఉన్న బండి మేలు. తర్వాత డెమో మీ పొలంలోనే, మీ పనిముట్టుతోనే చేయించుకోండి. మొదలుపెట్టే ముందు బండిని చదునైన చోట నిలిపి ట్యాంకు అంచు దాకా నింపండి. ఎకరం అయ్యాక అదే చోట నిలిపి, కొలత డబ్బాతో మళ్లీ అంచు దాకా పోయండి. ఎన్ని లీటర్లు పట్టిందో అదే ఎకరానికి మీ డీజిల్. 35కీ 50కీ ఒకే రోజు, ఒకే మడిలో సగం సగం చేయిస్తే ఇంకా మంచిది.