మినహాయింపుల పేజీలో మనం

ఇరవై రెండేళ్ళకే కు.ని. ఆపరేషన్ చేయించుకుని, ఆ తర్వాత ఉన్న ఒక్క బిడ్డనూ పోగొట్టుకున్న ఒకామె ఈ మధ్య ఒక సమావేశంలో నన్నడిగింది: "మళ్ళీ ట్యూబులు కలపడానికి బీమా డబ్బులిస్తుందా?"

పాలసీ కాగితాలు తీసి చదివాను. ఇవ్వదు. బీమా నియంత్రణ సంస్థ 2019లో రూపొందించిన ప్రామాణిక మినహాయింపుల్లో 17వ కోడ్ సంతానలేమిది. ఐ.వి.ఎఫ్., సరోగసీలతో పాటు ట్యూబులు తిరిగి కలిపే ఆపరేషన్‌నూ అందులోనే చేర్చారు. పేదల కోసమని 2018లో వచ్చిన ఆయుష్మాన్ భారత్ కూడా సంతాన చికిత్సలను మినహాయించింది. కొన్ని పాలసీలు అదనపు ప్రీమియం తీసుకుని, కొంతకాలం ఆగాక కొంత చెల్లిస్తున్నాయి. అది కూలి స్త్రీకి అందేది కాదు.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్ వివాహిత స్త్రీలలో దాదాపు 70 శాతం మంది కు.ని. ఆపరేషన్ చేయించుకున్నవారే. మగవాళ్ళ వేసెక్టమీ ఒక శాతం కూడా లేదు. క్యాంపులు పెట్టి, ప్రోత్సాహక సొమ్మిచ్చి ఆపరేషన్లు చేయించిన రాజ్యం, బిడ్డ కావాలన్నప్పుడు మాత్రం అది నీ సొంత వ్యవహారమంటోంది.

మాతృత్వమే స్త్రీ జీవిత సార్థకత అంటే మనం ఒప్పుకోం. కానీ కనాలో వద్దో తేల్చుకునే హక్కు డబ్బున్నవాళ్ళకే దక్కితే అది హక్కెలా అవుతుంది? పాలసీలో ముందుగా మినహాయింపుల పేజీ చదవండి, పక్కవాళ్ళ చేత చదివించండి. కనీసం ఆ ఒక్క ఆపరేషన్‌నైనా 17వ కోడ్ నుంచి తొలగించాలని అందరం కలిసి అడుగుదాం.