గీతను తినే లేజర్!

సంక్రాంతి ఇంకా వారం రోజులే. అమ్మమ్మ అటక మీది ట్రంకుపెట్టె దింపించింది. పాత చీర ముక్కల్లో చుట్టిపెట్టిన కొండపల్లి బొమ్మలు ఒక్కొక్కటే బయటికొస్తున్నాయి. అంబారీ ఏనుగు, దశావతారాలు, తాటిచెట్టు ఎక్కుతున్న గీత కార్మికుడు... అన్నీ ఉన్నాయి. మరి మెట్లో? కిందటేడు దాకా పెట్టెలూ పుస్తకాల కట్టలూ పేర్చి పైన దుప్పటి పరిచేవారు. ఈసారి ఇంజినీరింగ్ చదివే మనవడు 'నేను చేసిపెడతాగా అమ్మమ్మా' అన్నాడు. కంప్యూటర్లో బొమ్మ గీసి, లేజర్ కటింగ్ షాపులో ఎమ్‌డీఎఫ్ షీటు కోయించి తెస్తాడట. మేకులక్కర్లేదు, జిగురక్కర్లేదు. పండగయ్యాక ఊడదీసి మంచం కింద పెట్టేసుకోవచ్చు.

'నా ఏనుగు పడిపోదు కదరా?' అన్నది ఒక్కటే ఆవిడ సందేహం.

ఏ ఇంట్లోనైనా జరగ్గలిగే ముచ్చటే ఇది. అమ్మమ్మ అడిగింది మాత్రం చిన్న ప్రశ్న కాదు. ఎందుకంటే ఏనుగు నిలబడటం, పడటం లేజర్ చేతిలో లేదు. అది చెప్పినచోట కోస్తుంది, అంతే. చెప్పాల్సింది గీత. ఆ గీత గీసే క్యాడ్ సాఫ్ట్‌వేర్‌లో పావు మిల్లీమీటరు తేడా వస్తే తెరమీద కనిపించదు. మెట్లు బిగించాక ఏనుగు ఊగినప్పుడు కనిపిస్తుంది!

ఇంతకీ శుభలేఖల మీద జాలీ పనినుంచి గుమ్మం పక్కన యాక్రిలిక్ నేమ్‌ప్లేటు దాకా కోసిపెడుతున్న ఈ కిరణం మూలాల్లో మనవాడొకాయన ఉన్నాడు. మహారాష్ట్రలోని బారామతిలో పుట్టి, పుణెలో ఇంజినీరింగ్ చదివి అమెరికా వెళ్లిన కుమార్ పటేల్. బెల్ ల్యాబ్స్‌లో పనిచేస్తూ 1964లో కార్బన్ డయాక్సైడ్ లేజర్‌ను లోకానికి పరిచయం చేశాడు. దాని తరంగదైర్ఘ్యం 10.6 మైక్రాన్లు. కంటికి కనిపించదు. కర్ర, కాగితం, తోలు, యాక్రిలిక్ దాన్ని ఇట్టే పీల్చుకుని కాలిపోతాయి. ఇనుప రేకులు కోసే షాపుల్లో ఉండేది వేరే రకం, ఫైబర్ లేజర్.

మన మనవడి దగ్గరికొద్దాం. రెండు పక్క పలకలు, మూడు అడ్డ మెట్లు. పక్క పలకల్లో గాడులు, మెట్ల చివర్లలో నాలుకలు. నాలుక గాడిలో దిగితే మెట్టు సిద్ధం. బాగానే ఉంది. షాపులో '6 మి.మీ. షీటు' అన్నారు కాబట్టి గాడి వెడల్పు సరిగ్గా 6 మి.మీ. గీశాడు. తప్పు అక్కడే మొదలైంది.

మొదటి సంగతి, 6 అని అమ్మిన షీటు 6 ఉండాలని లేదు. కాలిపర్ పెట్టి కొలిస్తే 5.6 రావచ్చు. రెండోది, లేజర్ కిరణానికీ మందం ఉంది. గీత వెంబడి వెళ్తూ అటూ ఇటూ కొంత కాల్చి తినేస్తుంది. కార్బన్ డయాక్సైడ్ లేజర్లలో ఇది మామూలుగా 0.1 నుంచి 0.3 మి.మీ. దాకా ఉంటుంది. 0.2 అనుకుంటే, 6 అని గీసిన గాడి కోశాక 6.2 అవుతుంది. అందులో దిగేదేమో 5.6. అంటే 0.6 మి.మీ. ఖాళీ. ఒక గాడిలో ఇది లెక్కలోకి రాకపోవచ్చు. ఆరు గాడుల్లో ఉంటే మెట్లు మొత్తం పక్కకి వాలతాయి.

పాతకాలపు వడ్రంగికి ఈ విషయం ఎవరూ చెప్పక్కర్లేదు. రంపం ఎంత తింటుందో తెలుసు కాబట్టి గీత మీద కోయడు, పారేసే ముక్క వైపు కోస్తాడు. కంప్యూటర్‌కి ఆ ఇంగితం లేదు. దానికి మనమే చెప్పాలి. 5.6 లోంచి 0.2 తీసేసి గాడి వెడల్పు 5.4 అని గీస్తే, కోశాక అది 5.6 అయి షీటు బిగువుగా కూర్చుంటుంది. నాలుక వెడల్పు 30 మి.మీ. కావాలంటే 30.2 గీయాలి, అది దిగే గాడి పొడవు 29.8 గీయాలి. బయటి అంచు పెంచాలి, లోపలి రంధ్రం తగ్గించాలి. ఈ ఒక్క ముక్క బుర్రకెక్కితే సగం పని నేర్చుకున్నట్టే.

అయితే షాపులో ఇంకో షీటు ఇచ్చారనుకోండి, దాని మందం 5.8. మళ్లీ అన్ని గాడులూ దిద్దుతూ కూర్చోవాలా? ఫ్రీక్యాడ్, ఓపెన్‌స్క్యాడ్ లాంటివాటిలో ఆ బాధ లేదు. షీటు మందాన్ని ఒకచోట అంకెగా రాసిపెట్టి, గాడులన్నీ దాన్నే చూసుకునేలా గీస్తే, ఆ అంకె మార్చగానే బొమ్మంతా మారిపోతుంది. రెండూ ఉచితమే. ఉత్త గీతల పనికి ఇంక్‌స్కేప్, లిబ్రెక్యాడ్ చాలు. అవీ ఉచితమే. డీటీపీ సెంటర్లలో అలవాటైన కోరల్‌డ్రాతోనూ నడిపించేయొచ్చు. కాకపోతే కొలతలు మార్చాల్సి వచ్చిన ప్రతిసారీ చేత్తో దిద్దుకోవాలి.

ఫైలు షాపుకెళ్లాక వచ్చే తంటాలు వేరు. క్యాడ్ బొమ్మలు చాలామంది డీఎక్స్‌ఎఫ్ ఫైలుగా ఇస్తారు. అందులో అంకెలుంటాయిగానీ అవి మిల్లీమీటర్లో అంగుళాలో చాలాసార్లు చెప్పదు. మీరు మిల్లీమీటర్లలో గీసింది అవతల అంగుళాలుగా తెరుచుకుంటే బొమ్మ 25.4 రెట్లు పెరుగుతుంది. అంత పెరిగితే నయమే, ఎవరికైనా తెలిసిపోతుంది. సరిచేసే తొందరలో ఎవరో కాస్త కుదించి సర్దేస్తేనే కొంప మునుగుతుంది. ఓ చిట్కా ఉంది. బొమ్మ పక్కన 100 మి.మీ. చదరం ఒకటి గీసి పంపండి. ఆపరేటర్ ముందు దాన్ని కొలిచి చూస్తాడు. కోసేముందు తీసేస్తాడు.

ఒకే గీత మీద ఇంకో గీత పడి ఉండటం మరో జబ్బు. రెండు పలకలు పక్కపక్కన ఆనించి గీస్తే మధ్య అంచు రెండుసార్లు ఉంటుంది. తెరమీద ఒకటే కనిపిస్తుంది. లేజర్ మాత్రం నిజాయితీగా రెండుసార్లు కోసి అంచు బొగ్గు చేస్తుంది. ఆటోక్యాడ్‌లో 'ఓవర్‌కిల్' అనే ఆదేశం ఉన్నది ఇందుకే. ముందు లోపలి గాడులు కోసి, తర్వాతే బయటి అంచు కోయమని చెప్పడం కూడా మరవొద్దు. అంచు ముందే తెగితే ముక్క కదిలిపోతుంది. ఇక గాడి ఎక్కడుండాల్సిందో, ఎక్కడ పడుతుందో!

తెలుగు అక్షరాలు కోయించాలంటే మరీ సరదా. మనవడు మెట్ల ముందు ఇంటిపేరు పెడదామనుకున్నాడు, 'పద్మ నిలయం' అని. మీ కంప్యూటర్లో ఉన్న ఫాంటు షాపులో లేకపోతే అక్కడ తెరుచుకునేవి పిచ్చి గుర్తులు. కాబట్టి పంపేముందే అక్షరాలను గీతలుగా మార్చేయాలి. కోరల్‌డ్రాలో 'కన్వర్ట్ టు కర్వ్స్', ఇంక్‌స్కేప్‌లో 'ఆబ్జెక్ట్ టు పాత్'. అక్కడితో అయిపోలేదు. ఒత్తు అక్షరాన్ని తాకినచోట రెండు గీతలు ఒకదాన్నొకటి దాటుతాయి. వాటిని 'వెల్డ్' చేసి ఒకే అంచుగా కలపకపోతే అక్షరం మధ్యలోనే కోత పడుతుంది.

ఇంగ్లిషు అక్షరాలు చాలావరకు ఒక్కో ముక్కగా వచ్చేస్తాయి. మనవి అలా కాదు. 'ప' మీద తలకట్టు చాలా ఫాంట్లలో విడిగా ఉంటుంది. 'ద్మ' కింద ఒత్తు విడి. 'యం' పక్కన సున్న విడి. కోసిన అక్షరాలు ఇంటికి తెచ్చి పొట్లం విప్పితే తలకట్టేదో ఒత్తేదో వెతుక్కోవాల్సిందే! పోనీ పలకలో అక్షరాల ఆకారంలో రంధ్రాలు చేయిద్దామంటే సున్న మధ్యలోని గుండ్రటి బిళ్ల ఊడి పడుతుంది, సున్న కాస్తా పెద్ద రంధ్రమైపోతుంది. దానికి సన్నటి వంతెనలు గీయాలి. ఇవన్నీ ఎందుకనుకుంటే కోయకుండా పలక మీద చెక్కించుకోండి. అదే హాయి.

ఇప్పటిదాకా చెప్పినవి డబ్బూ షీటూ పాడయ్యే తప్పులు. మనిషికే చేటు తెచ్చేది మరొకటి ఉంది. తేలిగ్గా, చవగ్గా ఉంటుందని చాలామంది సన్‌బోర్డు తీసుకెళ్లి కోయమంటారు. అది పీవీసీ. ఫ్లెక్సీ, మామూలు రెగ్జీన్ కూడా ఆ కుటుంబమే. లేజర్ వేడికి పీవీసీలోని క్లోరిన్ హైడ్రోజన్ క్లోరైడ్ వాయువుగా బయటికొస్తుంది. తేమ తగిలితే అది హైడ్రోక్లోరిక్ ఆమ్లం. ఊపిరితిత్తులకు చేటు, యంత్రంలోని ఇనుముకు తుప్పు, అద్దాలకు పాడు. 'ఒక్క చిన్న ముక్కేగా అన్నా' అని బతిమాలి కోయించుకుని మీరు వెళ్లిపోతారు. రోజంతా ఆ గదిలో ఉండేది ఆపరేటర్ కుర్రాడు. కాబట్టి షీటు ఏమిటో తెలియకపోతే కోయించొద్దు. కర్ర అయినా యాక్రిలిక్ అయినా మంట అంటుకునే అవకాశం ఉంటుంది కనుక, కోత నడుస్తుండగా యంత్రాన్ని వదిలి టీకి వెళ్లడం కూడా కుదరదు.

షాపులే కాకుండా, సొంతంగా యంత్రాల మధ్య చేయి పెట్టి నేర్చుకోవాలనుకునేవారికి హైదరాబాద్‌లో 2023లో మొదలైన టీ-వర్క్స్ లాంటి చోట్లున్నాయి. అక్కడికెళ్లినా, వీధి చివరి షాపుకెళ్లినా ఫైలు మాత్రం ఇంట్లో గీసుకునే వెళ్లాలి. యంత్రం నడిచిన నిమిషాల లెక్కన డబ్బు తీసుకునేచోట కూర్చుని గాడులు దిద్దుకుంటే చేతిచమురు వదులుతుంది.

మనవడు చివరికి ఏం చేయాలి? ముందు బొమ్మను అసలు సైజులో కాగితాల మీద ప్రింటు తీసి, అట్టముక్కల మీద అంటించి, కత్తెరతో కోసి మెట్లు నిలబెట్టి చూడాలి. ఏనుగు అడుగు పట్టేంత వెడల్పు మెట్టుకుందో లేదో అక్కడే తేలిపోతుంది. తర్వాత అసలు షీటులోంచే అరచేయంత ముక్క తీసుకుని దువ్వెనలా వరసగా గాడులు కోయించాలి. 5.2, 5.3, 5.4, 5.5, 5.6... ప్రతిదాని పక్కనా అంకె చెక్కించాలి. అదే షీటు ముక్క ఒకటి తీసుకుని ఒక్కో గాడిలో దించి చూడాలి. బొటనవేలితో నొక్కితే దిగి, తలకిందులు చేసినా జారనిది ఏదో అదే కొలత. సుత్తి కావాల్సొస్తే మరీ బిగుతు, ఎమ్‌డీఎఫ్ పొరలు విచ్చుకుంటుంది. ఆ అంకెను సాఫ్ట్‌వేర్‌లో వేసుకుని అప్పుడు పెద్ద షీటు బల్లమీద పెట్టించాలి.

కోసిన ముక్కల అంచులకు మసి ఉంటుంది. తడిగుడ్డతో తుడిచి, ఎండనిచ్చి, ఆ తర్వాతే అమ్మమ్మ చేతికివ్వాలి. లేకపోతే కొలువు మీద పరిచే తెల్ల దుప్పటికి అంటుతుంది, దానికి మళ్లీ తిట్లు!