ఆసియా ద్వారం వద్ద హైదరాబాదు

కలకత్తా, గోవా క్లబ్బులు ఆసియా పోటీలలో ఆడిన వార్తలు చదివినప్పుడు, మన నగరపు క్లబ్బు అక్కడ ఎందుకు కనిపించదని విద్యార్థులు ప్రశ్నించడం సహజమే. సమాధానం కోసం ముందుగా పాత పంచాంగాలు తిరగవేయాలి.

హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదేండ్లు రోవర్స్ కప్పును గెలుచుకొన్నది. 1950లోనే మోహన్ బగాన్‌ను ఓడించి డ్యూరాండ్ కప్పును కూడా కైవసం చేసుకొన్నది. ఆ జట్టును తీర్చిదిద్దిన సెయ్యద్ అబ్దుల్ రహీం సాహెబ్ ఉస్మానియా పట్టభద్రులు. కాచిగూడ, చాదర్‌ఘాట్ బడులలో పిల్లలకు చదువు చెప్పిన ఉపాధ్యాయులు. వారి శిక్షణలో భారత జట్టు 1951లో ఢిల్లీలోను, 1962లో జకార్తాలోను ఆసియా క్రీడల స్వర్ణ పతకం సాధించింది. 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాల్గవ స్థానంలో నిలిచింది. జకార్తా జట్టులో అమ్ముగూడకు చెందిన తులసీదాస్ బలరాం, మన యూసుఫ్ ఖాన్ ఉన్నారు. 2024లో ‘మైదాన్’ హిందీ చిత్రం వచ్చేవరకు మనలో పలువురు రహీం సాహెబ్ పేరే ఎరుగకపోవడం సిగ్గుపడవలసిన విషయం.

వారు 1963 జూన్‌లో క్యాన్సర్ వ్యాధితో కన్నుమూశారు. ఆసియా క్లబ్బుల పోటీ ఆరంభమైనది 1967లో! అప్పటికి గురువు లేరు. శిష్యులలో మెరికలవంటి వారు కలకత్తా క్లబ్బులకు తరలిపోయారు. బలరాం 1957లోనే ఈస్ట్ బెంగాల్‌లో చేరారు. 1969లో భారతదేశం తరఫున ఆ పోటీకి వెళ్ళినది మైసూరు రాష్ట్ర జట్టు.

మరొకసారి ద్వారం దాకా వెళ్ళాము. 2019లో ఏర్పడిన హైదరాబాద్ ఎఫ్‌సీ 2022 మార్చిలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీలలో ఓడించి ఐఎస్‌ఎల్ విజేత అయినది. 2023 మేలో కోళిక్కోడ్‌లో ఒక్క ఆట గెలిచివుంటే ఏఎఫ్‌సీ కప్పు అర్హత పోటీలలో అడుగుపెట్టేది. మోహన్ బగాన్ చేతిలో 3–1 గోల్స్‌తో ఓడినది. 2025లో ఆ క్లబ్బే ఢిల్లీకి తరలిపోయి పేరు మార్చుకొన్నది. డబ్బుతో వచ్చినది డబ్బు దారినే పోయినది.

ఉప్పల్‌లో క్రికెట్ స్టేడియం ఉన్నందువల్లనే ఫుట్‌బాల్ క్షీణించిందనే వాదాన్ని నేను అంగీకరించను. రహీం సాహెబ్‌కు అంతటి స్టేడియం ఏనాడూ అవసరపడలేదు. బంతిని కాలితో నడిపించుకుపోకుండా తోటివానికి అందిస్తూ ఆడే పోటీలు, బలహీనమైన కాలితో మాత్రమే ఆడే పోటీలు, జట్టుకు ఐదుగురు చొప్పున ఆడే పోటీలు – ఇవి వారి పాఠాలు. వీటికి కావలసినది ఒక బంతి, కొంత చదునైన నేల.

ఆ నేల మన కళాశాలలో ఉన్నది. దానిలో సగభాగాన్ని ఇప్పుడు స్కూటర్లు, కార్లు ఆక్రమించుకొన్నాయి. కమిటీ పెద్దలకు నా విన్నపం ఒక్కటే. వాహనాలను వెనుక గోడవైపునకు మార్పించండి. రాబోయే విద్యాసంవత్సరం నుండి వారానికి రెండు సాయంత్రాలు మైదానాన్ని ఫుట్‌బాల్‌కు వదలండి. తరగతుల మధ్య ఐదుగురి పోటీకి రహీం సాహెబ్ పేరు పెట్టండి. బంతుల ఖర్చుకు విద్యార్థులు చెల్లించే క్రీడారుసుము చాలును.