వార్తల డబ్బాకు తాళం ఉందా?

2021 ఆగస్టులో వరంగల్ అర్బన్ జిల్లా కాస్తా హనుమకొండ జిల్లా అయింది. బోర్డులు రాసేవాళ్లకే కాదు, వెబ్‌సైట్లు నడిపేవాళ్లకూ పని పడింది. చేత్తో టైపు చేసిన పేజీ, మళ్లీ చెయ్యి పడేదాకా పాత పేరే చూపిస్తుంది మరి. అదే, ఫీడ్ నుంచి వచ్చే వార్తలైతే పేజీ తెరిచినప్పుడల్లా తాజావే కనిపిస్తాయి.

ఫీడ్ అంటే శీర్షిక, రెండు ముక్కల సారాంశం, లింకు, తేదీ... ఇవి వరసగా ఉండే చిన్న ఫైలు. 1999లో నెట్‌స్కేప్ సంస్థ తెచ్చిన ఆర్ఎస్ఎస్ పద్ధతి ఇందుకు బాగా పేరుపడింది. ఆ ఫైలును తెచ్చి పేజీలో పరిచేది జావాస్క్రిప్ట్. పనంతా చూసేవాళ్ల బ్రౌజర్లోనే జరిగిపోతుంది. హనుమకొండలో ఏ కాలేజీ కుర్రాడో ఉచితంగా పెట్టుకున్న సైటుకైనా ఇది సరిపోతుంది.

అయితే బ్రౌజరు గట్టి కాపలాదారు. ఒక సైటులోని స్క్రిప్టు ఇంకో సైటు సమాచారం చదవబోతే, ఆ రెండో సైటు 'సరే' అంటేనే చదవనిస్తుంది. ఆ మాట చెప్పని సైట్లు బోలెడు. అందుకే మధ్యవర్తులు పుట్టుకొచ్చారు. గూగుల్ 2007లో అలాంటి సేవే తెచ్చింది. కాస్త కోడ్ అతికిస్తే చాలు, వార్తలు ప్రత్యక్షం! తర్వాత గూగుల్ దాన్ని ఆపేసింది. దాన్నే నమ్ముకున్న పేజీల్లో వార్తల డబ్బా ఖాళీ.

ఖాళీ డబ్బా నయం. ఊరూపేరూ తెలియనివాళ్ల స్క్రిప్టు అతికించడమంటే ఇంటి తాళంచెవి చేతికివ్వడమే. అది పేజీలో ఉన్నదంతా చదవగలదు, మార్చగలదు. విద్యార్థులు పాస్‌వర్డ్ కొట్టే పేజీలోనే ఆ డబ్బా ఉంటే అదీ చదివేస్తుంది. అసలు హాల్‌టికెట్ల పేజీలో వార్తలెందుకు చెప్పండి!

ఇంకో సంగతి. ఫీడ్‌లోని సారాంశాన్ని ఉన్నదున్నట్టు 'ఇన్నర్‌హెచ్‌టీఎంఎల్'లో పోస్తే, బొమ్మ ట్యాగులో దాచిన స్క్రిప్టు కూడా పనిచేసేస్తుంది. 'టెక్స్ట్‌కంటెంట్'లో వేస్తే ఒట్టి అక్షరాలుగానే ఉండిపోతుంది.

'సరే' అనని ఫీడే కావాలంటే కాస్త సర్వర్ పనీ తప్పదు. ఓ చిన్న ప్రోగ్రాము అరగంటకోసారి ఫీడ్ తెచ్చి దాస్తుంది, పేజీలోని స్క్రిప్టు అక్కణ్నుంచి తీసుకుంటుంది. వార్తల సైటు మొరాయించినా చివరిగా వచ్చిన శీర్షికలు ఉంటాయి. కానీ వాటి పక్కన తేదీ, సమయం కనబడాల్సిందే. మేడారం జాతర రోజుల్లో బస్సుల కబురు నిన్నటిదో ఇవాళ్టిదో తెలియకపోతే, పిల్లాపాపలతో హనుమకొండ బస్టాండుకు వచ్చినవాళ్లు అక్కడే పడిగాపులు పడాలి.