రోడ్డు దాటే మనిషికి చోటేదీ?

రోడ్డు విస్తరణ విశాఖ నగరపాలక సంస్థ (జీవీఎంసీ) కౌన్సిల్ ముందుకు వస్తే ఎన్ని అడుగులు, ఎవరి గోడ, స్థలం పోయినవారికిచ్చే టీడీఆర్ బాండ్ల లెక్కెంత అన్న దగ్గరే చర్చ తిరుగుతుంది. రోడ్డు దాటే మనిషి మాట వినిపించడం అరుదు.

విశాఖకు బీఆర్‌టీఎస్ (బస్సులకు ప్రత్యేక వరుసలు) అనుభవం ఉంది. కేంద్ర పథకం జేఎన్ఎన్‌యూఆర్ఎం నిధులతో పెందుర్తి, సింహాచలం వైపు చేపట్టిన ఆ కారిడార్లలో మధ్య వరుసలు బస్సులకని అనుకున్నారు. అంటే బస్సెక్కాలంటే ముందు సగం రోడ్డు దాటాలి.

డివైడర్ కమ్మీలు ఎక్కడ వంగి ఉన్నాయో చూడండి. జనం దాటాల్సిన చోటు సరిగ్గా అదే. మొన్న ఒక పెద్దావిడ కూరగాయల సంచిని ముందు అవతలికి దించి, కుచ్చిళ్లు పైకి పట్టుకుని, ఆ సందులోంచి పక్కకు తిరిగి దూరింది. ఆమెను తప్పుపట్టలేం. తప్పు డ్రాయింగుది.

ఫుట్‌పాత్ మీద నడవడానికి కనీసం 1.8 మీటర్లు ఖాళీగా ఉండాలన్నది ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం. విస్తరణలో కలిసొచ్చే ప్రతి అడుగూ వాహనాలకే పోవడం మాకు సమ్మతం కాదు. ఇల్లు కోల్పోయేవారికి పరిహారం ముందే అందాలి. డివైడర్ మధ్య చక్రాల కుర్చీ నిలిచేంత చోటు రోడ్డు మట్టానికే ఉండాలి. విస్తరణపై ఓటు వేసేముందు కార్పొరేటర్లు ఒక్క సాయంత్రం ఆ విస్తరించే రోడ్డును కాలినడకన దాటి రావాలి.