నడకదారిలో చోటు ఎవరికి?

చార్మినార్ చుట్టూ వాహనాలు ఆపి, రాళ్ళు పరిచి, పాదచారుల బజారుగా మార్చే పథకం ఏళ్ళ తరబడి సాగుతూ వచ్చింది. పొగ తగ్గాలనడంలో నాకు పేచీ లేదు. పిల్లల్ని వెంటబెట్టుకు నడిచే ఆడవాళ్ళకి అలాంటి వీధి అవసరమే. ‘సుందరీకరణ’ అన్న మాట దగ్గరే నా అనుమానం. అందానికి మొదట అడ్డుగా కనిపించేది ఎప్పుడూ తోపుడు బండి, నేలమీది గంప.

పెద్ద దుకాణదారుడికి సంఘముంది, పలుకుబడి ఉంది. పిన్నులూ రిబ్బన్లూ అమ్ముకునే ఆమెకున్నది ఆ నాలుగడుగుల చోటే. పక్క వీధికి జరగమనడం తేలిక. కొనేవాళ్ళు ఆమె వెంట జరగరు. మంచినీళ్ళకీ మరుగుదొడ్డికీ మళ్ళీ కొత్తగా వెతుక్కోవాలి.

లాడ్ బజారు లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. సంతోషమే. పాతబస్తీ ఇళ్ళలో కూర్చుని, జతకింత అన్న కూలికి ఆ గాజులకి రాళ్ళద్దే స్త్రీలకి ఏ గుర్తింపు వచ్చింది? (మేం సమాజశాస్త్రంలో వాళ్ళకి ‘అసంఘటిత రంగం’ అని పేరు పెట్టి ఊరుకున్నాం.)

2014 నాటి వీధి విక్రేతల చట్టం సర్వే పూర్తయ్యేదాకా ఎవర్నీ ఖాళీ చేయించకూడదంటుంది. పట్టణ విక్రయ కమిటీలో కనీసం 40 శాతం విక్రేతలే ఉండాలి, వారిలో మూడోవంతు స్త్రీలు. సర్వేలో భర్త పేరో కొడుకు పేరో ఎక్కితే, పొద్దుటినుంచీ బండి దగ్గర నిలబడ్డ ఆమె చట్టానికి కనిపించదు.

మీ ఊళ్ళో ఆ కమిటీ ఉందా? అందులో స్త్రీలెవరు? మునిసిపల్ ఆఫీసులో అడగండి. సర్వే జాబితా ప్రతి తెచ్చుకుని, వీధిలోకెళ్ళి ఒక్కో పేరూ సరిచూడండి.